మెమరీ వెళ్లిపోయాక కెర్నల్ ఏది చెరపాలి, ఏది ఉంచుకోవాలి

నడుస్తున్న కంప్యూటర్ నుంచి, దాన్ని ఆపకుండానే కొంత మెమరీని తీసివేయడాన్ని హాట్ రిమూవ్ అంటారు. వినగానే ఇది తరలింపు సమస్యలా తోస్తుంది. అందులో ఉన్న సమాచారాన్ని మరోచోటికి చేరవేస్తే పని ముగిసినట్టే కదా అనిపిస్తుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నల్ చరిత్ర చూస్తే మాత్రం, తరలింపు కంటే ఎక్కువ కాలం వేధించింది ఆ తర్వాతి పని. వెళ్లిపోయిన మెమరీ గురించి కెర్నల్ ఎన్ని చోట్ల రాసిపెట్టుకుందో వెతకాలి. వాటిలో ఏవి చెరపాలో, ఏ వరుసలో చెరపాలో తేల్చాలి. ఇందుకు పదేళ్లకు పైగా పట్టింది. కొన్నింటిని చెరపకపోవడమే మేలన్న ఎరుక ఇంకా ఆలస్యంగా వచ్చింది.

దక్షిణ తెలంగాణ పాఠకులకు ఇలాంటి చిక్కు కొత్తది కాదు. 1980ల తొలినాళ్లలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు ముంపునకు గురయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాళ్లను మోసుకొచ్చి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. అది అందరికీ కనిపించిన పని. ముంపు గ్రామం విషయంలో కనిపించని పని మరొకటి ఉంటుంది. పహాణీలోని సర్వే నంబర్లు, గ్రామ నక్ష, ఓటర్ల జాబితా, రేషన్ కార్డులు, బడి రిజిస్టరు, వీటన్నిటిలో ఆ ఊరు ఇంకా బతికే ఉంటుంది. నీట మునిగిన సర్వే నంబరు పహాణీలో సాగుభూమిగానే మిగిలితే దాని మీద రుణం పుట్టవచ్చు, అమ్మకమూ జరగవచ్చు. అదే ఊరి పాత నక్ష కచేరీ బీరువాలో ఉండిపోతే కాస్త చోటు ఆక్రమిస్తుంది, అంతకుమించి ఎవరికీ నష్టం లేదు. కెర్నల్‌లో మిగిలిపోయే రికార్డులు కూడా ఈ రెండు రకాలే. కొన్ని అబద్ధం చెబుతాయి, కొన్ని ఊరికే చోటు తింటాయి. ఈ తేడాను కెర్నల్ రచయితలు మొదట్లో అంతగా పట్టించుకోలేదు. అన్నింటినీ ఒకే పట్టుదలతో తుడిచేయాలనుకున్నారు. ఆ పట్టుదలలోంచే కొన్ని లోపాలు పుట్టాయి.

మెమరీని తీసివేయవలసిన అవసరం ఎక్కడ వస్తుందన్నది క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పెద్ద సర్వర్లలో పాడవుతున్న మెమరీ కార్డును (డిమ్, అంటే ర్యామ్ చిప్పులున్న పలకను) యంత్రం ఆపకుండా మార్చడం తొలి కారణం. నేడు అంతకంటే ఎక్కువగా కనిపించేది వర్చువల్ యంత్రాల, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే కంప్యూటర్ల అవసరం. ఒకే సర్వర్ మీద పదుల సంఖ్యలో వర్చువల్ యంత్రాలు నడుస్తుంటే, ఒకదాని నుంచి మెమరీ తగ్గించి మరొకదానికి ఇవ్వాలి. 2023లో నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. అలాంటి చోట్ల పనిచేసే యువతకు ఎదురయ్యే క్లౌడ్ యంత్రాల్లో చాలావాటికి అడుగున ఉండేది లినక్సే.

ఇక రికార్డుల సంగతి. కెర్నల్ భౌతిక మెమరీని సాధారణంగా 4 కేబీ పేజీలుగా విభజిస్తుంది. ప్రతి పేజీకీ ఒక చిన్న నమోదు ఉంటుంది. దాన్ని స్ట్రక్ట్ పేజ్ అంటారు. ఆ పేజీ ఎవరి చేతిలో ఉంది, ఎందరు వాడుతున్నారు, తాళం (ఒకేసారి ఇద్దరు మార్చకుండా ఆపే లాక్) పడి ఉందా, పాడైందా అన్నవి అందులో ఉంటాయి. 64 బిట్ యంత్రాల్లో దాని పరిమాణం మామూలుగా 64 బైట్లు. 1 జీబీ మెమరీలో 2,62,144 పేజీలు ఉంటాయి కాబట్టి వాటి నమోదులకే 16 ఎంబీ కావాలి. 64 జీబీకి 1 జీబీ పోతుంది. ఈ నమోదుల వరుసకు మెమ్‌మ్యాప్ అని పేరు. ఇంటెల్, ఏఎండీ 64 బిట్ యంత్రాల్లో కెర్నల్ మెమరీని 128 ఎంబీ సెక్షన్లుగా లెక్కిస్తుంది. ఒక్కో సెక్షన్‌లో 32,768 పేజీలు, వాటికి సరిగ్గా 2 ఎంబీ మెమ్‌మ్యాప్.

మెమ్‌మ్యాప్ ఒక్కటే అయితే ఇంత చర్చ అక్కరలేదు. అదే మెమరీ గురించి పేజీ టేబుళ్లలో చిరునామాల నమోదు ఉంటుంది. ఏ జోన్ (ఒకే రకం వాడుకకు ఉంచిన మెమరీ ప్రాంతం) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, అందులో ఎన్ని పేజీలు ఉన్నాయో లెక్కలు ఉంటాయి. ఆ జోన్లు ఏ నోడ్‌కు (కొన్ని సీపీయూలకు దగ్గరగా ఉండే మెమరీ భాగానికి) చెందినవో తెలిపే మరో నమోదు, ఆ నోడ్‌లో ఖాళీ పేజీలను సిద్ధం చేస్తూ తిరిగే కేస్వాప్‌డీ అనే థ్రెడ్డు (విడిగా నడిచే పని) ఉంటాయి. కెర్నల్ తన సమాచారాన్ని ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఒక్కో మెమరీ బ్లాకుకు (ఒక్కసారిగా చేర్చి తీసే మెమరీ ముక్కకు) ఒక్కో డైరెక్టరీ, భౌతిక చిరునామాల పంపకాన్ని చూపే ఐఓమెమ్ జాబితా, ఫర్మ్‌వేర్ (యంత్రం లేవగానే ముందు నడిచే ప్రోగ్రాము) మొదట ఇచ్చిన మెమరీ పటానికి నకలు, ఏఆర్‌ఎం వంటి యంత్రాల్లో బూట్ సమయపు మెమ్‌బ్లాక్ జాబితా, ఇవన్నీ అదనం. వీటిని వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు వేర్వేరు అవసరాలకు రాశారు. ఎప్పుడో ఒకనాడు ఈ మెమరీ వెళ్లిపోతుందన్న ఊహ వీటిలో చాలావాటికి పుట్టుకతో లేదు.

తీసివేత రెండు దశల్లో జరుగుతుంది. మొదటిది ఆఫ్‌లైన్ చేయడం. ఆ బ్లాకులోని పేజీలను వేరుచేసి, కొత్తగా ఎవరికీ కేటాయించకుండా ఆపుతారు. ప్రతి సీపీయూ దగ్గర చేతికందేలా దాచుకున్న ఖాళీ పేజీలను వెనక్కి రప్పిస్తారు. వాడుకలో ఉన్న పేజీలను వేరేచోటికి తరలిస్తారు. మెమరీతో సంబంధం ఉన్న ఇతర విభాగాలకు 'ఇది వెళ్లబోతోంది' అని ముందే కబురు పంపుతారు. వాటిలో ఏదైనా అభ్యంతరం చెబితే అంతా రద్దవుతుంది, రద్దయిందన్న కబురు కూడా అందరికీ చేరుతుంది. ప్రోగ్రాముల మామూలు మెమరీ, ఫైళ్ల నకళ్లు తేలికగా కదులుతాయి. కెర్నల్ తన సొంత అవసరానికి తీసుకున్న పేజీలు చాలావరకు కదలవు, ఎందుకంటే వాటి చిరునామాలను కెర్నల్ ఎక్కడెక్కడ దాచుకుందో వెతికి మార్చే దారి లేదు. అందుకే తర్వాత తీసివేయదలచిన మెమరీని కదిలే పేజీలకు మాత్రమే కేటాయించే మూవబుల్ జోన్‌లో ఉంచుతారు. తరలింపు గురించి ఇంతకంటే చెప్పవలసింది చాలా ఉన్నా, ఈ వ్యాసం విషయం అది కాదు.

ఆఫ్‌లైన్ అయిన మెమరీ వాడుకలో ఉండదు గాని కెర్నల్ దృష్టిలో ఇంకా ఉంటుంది. రెండో దశలో దాన్ని పూర్తిగా మరిచిపోవాలి. ఆఫ్‌లైన్ చేసే సదుపాయం 2008 జనవరిలో వెలువడిన కెర్నల్ కూర్పు 2.6.24తో వచ్చింది. 64 బిట్ ఎక్స్86 యంత్రాల్లో మెమరీని భౌతికంగా తీసివేసే దారి 2013 ఏప్రిల్‌లో వచ్చిన 3.9తో గాని తెరుచుకోలేదు. ఫుజిత్సు ఇంజనీర్లు యసువాకి ఇషిమత్సు, వెన్ కాంగ్యాంగ్, టాంగ్ చెన్ దీని మీద చాలాకాలం పనిచేశారు. ఆపడానికీ మరిచిపోవడానికీ మధ్య ఐదేళ్లు పట్టాయన్నమాట. ఆ రెండో పని ఎంత చిక్కుదో చెప్పడానికి ఆ దూరమే చాలు.

అంత కష్టం ఎక్కడుందో అప్పటి కోడ్‌లోని ఒక ఏర్పాటు చెబుతుంది. ఆ రోజుల్లో ప్రతి పేజీ ఏ ప్రోగ్రాముల గుంపు ఖాతాలో ఉందో తెలిపే సీగ్రూప్ నమోదు, స్ట్రక్ట్ పేజ్‌కు బయట, వేరే పట్టికలో ఉండేది. మెమరీ కార్డులోని బ్లాకులు ఒక్కొక్కటిగా ఆన్‌లైన్ అయ్యేటప్పుడు, ఒక బ్లాకుకు సంబంధించిన ఆ పట్టిక అప్పటికే ఆన్‌లైన్‌లో ఉన్న మరో బ్లాకులో చోటు తీసుకునే అవకాశం ఉండేది. తీసేటప్పుడు ఆ రెండో బ్లాకును ముందు ఆఫ్‌లైన్ చేయబోతే కుదరదు, పొరుగు బ్లాకు రికార్డు తన ఒడిలో ఉంది. ఏది ఏ వరుసలో ఆన్‌లైన్ అయిందో కెర్నల్ గుర్తుపెట్టుకోలేదు. అందుకని 3.9లో బ్లాకుల మీద రెండుసార్లు తిరిగారు. మొదటిసారి, మొట్టమొదట చేర్చిన బ్లాకును విడిచి మిగిలినవన్నీ. రెండోసారి ఆ మొదటిది. 3.19లో సీగ్రూప్ నమోదు స్ట్రక్ట్ పేజ్‌లోనే కలిసిపోయాక ఈ తంటాకు మూలమే పోయింది. రికార్డును ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న దాన్ని ఎలా చెరపాలన్న ప్రశ్న కంటే ముందు అడగవలసిందని ఈ ఉదంతం చూపుతుంది.

అన్నింటికంటే మొండివి బూట్ సమయంలో పుట్టిన నమోదులు. కంప్యూటర్ లేచిన తొలి క్షణాల్లో కెర్నల్‌కు ఇంకా మెమరీ కేటాయింపు వ్యవస్థ ఉండదు. చేతికందిన మెమరీలోంచి ముక్కలు కోసుకుని నమోదులు రాసుకుంటుంది. తర్వాత పూర్తి స్థాయి కేటాయింపు వ్యవస్థ వస్తుంది గాని, ఆ తొలి ముక్కల సంగతి దానికి తెలియదు. దాని లెక్కలో అవి ఎన్నటికీ తిరిగిరాని పేజీలు. మామూలు పద్ధతిలో కెర్నల్ ఇచ్చిన నమోదును మామూలు పద్ధతిలో విడుదల చేయవచ్చు. బూట్ నాటి నమోదును అలా విడుదల చేయబోతే కేటాయింపు వ్యవస్థే చెడిపోతుంది.

ఫర్మ్‌వేర్ పటం దీనికి చక్కని ఉదాహరణ. యంత్రం లేచేటప్పుడు ఏ చిరునామా నుంచి ఏ చిరునామా దాకా మెమరీ ఉందో ఫర్మ్‌వేర్ చెబుతుంది. ఆ పటం నకలును కెర్నల్ సిస్‌ఎఫ్‌ఎస్‌లో చూపుతుంది. నడుస్తున్న కెర్నల్ నుంచి నేరుగా మరో కెర్నల్‌లోకి దూకే కెక్సెక్ పద్ధతి కోసం దాన్ని అలా ఉంచారు. మెమరీ తీసేశాక కూడా ఆ పటంలో పాత వరుస మిగిలితే, లేచే కొత్త కెర్నల్ లేని మెమరీని ఉందనుకుంటుంది. ఇది అబద్ధం చెప్పే రికార్డు, కాబట్టి జాబితా నుంచి పోవలసిందే. కానీ ఆ వరుసను రాసిన చోటు బూట్ నాటిది, విడుదల కాదు. 3.9లో ఎంచుకున్న దారి తెలివైనది. వరుసను చూపుడు జాబితాలోంచి తీసేసి, దాని చోటును మరో జాబితాలో దాచారు. అదే చిరునామాలో మెమరీ మళ్లీ వచ్చిననాడు కొత్త చోటు అడగకుండా ఆ పాతదాన్నే తుడిచి వాడుకుంటారు. అబద్ధం ఆగింది, చోటు మాత్రం మిగిలింది.

ఐఓమెమ్ జాబితాలోనూ ఇదే కిటుకు వాడారు. అక్కడ ఇంకో మెలిక ఉంది. పెద్ద వరుస మధ్యలోంచి ఒక భాగం వెళ్లిపోతే ఆ వరుస రెండుగా చీలుతుంది. అంటే ఒక నమోదును తగ్గించబోతే కొత్తగా ఒక నమోదు పుడుతుంది, దానికి మెమరీ కావాలి. మెమరీ తక్కువై ఆ చిన్న కేటాయింపు దొరకకపోతే? తొలి రూపంలో అది వైఫల్యమే. కాని అప్పటికి మిగతా రికార్డులు తీసేయడం మొదలై ఉంటుంది, వెనక్కి రావడానికి దారి ఉండదు. 2020 డిసెంబరులో వచ్చిన 5.10లో ఈ పని విఫలం కాకుండా మార్చారు. నమోదుకు చోటు దొరికేదాకా కెర్నల్ ఆగుతుంది. ఇది సరైన నిర్ణయం. చెరిపే దారిలో సగంలో ఆగిపోవడం కంటే కాసేపు నిలబడటం నయం.

బూట్ నాటి నమోదులను దాచి తిరిగి వాడుకునే కిటుకు ఐఓమెమ్ విషయంలో నిలవలేదు. అలాంటి నమోదును ప్రత్యేక పద్ధతిలోనే విడుదల చేయాలి, కాని కెర్నల్‌లో చాలాచోట్ల మామూలు పద్ధతిలోనే విడుదల చేసేవారు. 2022లో ఆ కిటుకును మొత్తం తీసేశారు. బూట్ నాటి నమోదు అయితే దాన్ని అలాగే వదిలేస్తామని, తిరిగి వాడుకునే తెలివితేటలు అతిగా సంక్లిష్టమవుతున్నాయని కోడ్‌లోనే వ్యాఖ్య రాసిపెట్టారు. కొన్ని పదుల బైట్లు, యంత్రం ఆగేదాకా, ఎవరికీ పనికిరాకుండా ఉండిపోతాయి. లీకేజీని ఇంత బాహాటంగా ఒప్పుకుని రాసుకోవడం మొదట ఎబ్బెట్టుగా అనిపించినా ఆ లెక్క సరైనదే. ఆ కొన్ని బైట్లను కాపాడబోయి తప్పు చోటును విడుదల చేస్తే యంత్రమే కూలుతుంది.

పేజీ టేబుళ్లు, మెమ్‌మ్యాప్ దగ్గర మరో రకం చిక్కు. ఒక సెక్షన్ మెమ్‌మ్యాప్ సరిగ్గా 2 ఎంబీ కావడం, ఎక్స్86లో పెద్ద పేజీ పరిమాణం కూడా 2 ఎంబీయే కావడం ఒక సౌకర్యం. సెక్షన్ పోతే ఆ పెద్ద పేజీ మొత్తం పోతుంది. కాని 5.3 నుంచి 2 ఎంబీ ఉపసెక్షన్లుగా కూడా మెమరీని చేర్చి తీసే వీలు వచ్చింది, ముఖ్యంగా పరికరాల మెమరీ కోసం. ఒక ఉపసెక్షన్‌లో 512 పేజీలు, వాటి నమోదులు 32 కేబీ. ఆ 32 కేబీ పోతున్నప్పుడు వాటిని మోస్తున్న 2 ఎంబీ పేజీలో మిగతా నమోదులు ఇంకా బతికే ఉండవచ్చు. పేజీని విడుదల చేయలేరు, ఎంత భాగం ఖాళీ అయిందో రాసుకోవడానికి వేరే పట్టికా లేదు. దీనికి 3.9 నాడే ఒక సూటి ఉపాయం ఉంది. వాడుక ముగిసిన భాగాన్ని 253 అనే విలువతో నింపుతారు. ప్రతిసారీ పేజీ మొత్తం ఆ విలువతోనే నిండి ఉందా అని చూస్తారు. నిండితే పేజీ విడుదల. రికార్డు తన చావును తన దేహం మీదే రాసుకుంటుంది, అదనంగా లెక్కల పుస్తకం అక్కరలేదు. ఇంత పొదుపైన ఆలోచన కెర్నల్ కోడ్‌లో కూడా అరుదు.

నోడ్ నమోదు విషయంలో రచయితలు మరింత జాగ్రత్త పడ్డారు. ఒక నోడ్‌లోని మెమరీ అంతా ఆఫ్‌లైన్ అయ్యాక దాని కేస్వాప్‌డీ థ్రెడ్డును ఆపుతారు, సీపీయూలు కూడా పోయాక ఆ నోడ్‌ను ఆఫ్‌లైన్ చేస్తారు. ఇక నోడ్ నమోదును విడుదల చేయడమే మిగిలింది. అక్కడే ఆగారు. ఏదో ఒక థ్రెడ్డు తన స్టాక్‌లో (సొంత తాత్కాలిక మెమరీలో) ఆ నోడ్ చిరునామాను పట్టుకుని ఎక్కడో నిద్రపోతూ ఉండవచ్చు. దాన్ని ఎందరు పట్టుకున్నారో లెక్కపెట్టే ఏర్పాటు లేదు. అందుకని నమోదును విడుదల చేయకుండా, నోడ్ మళ్లీ వచ్చినప్పుడు అదే చోటును వాడుకునేలా ఉంచారు. కెర్నల్ చిన్న నమోదులకు చోటిచ్చే స్లబ్ కేటాయింపు వ్యవస్థలోని నోడ్‌వారీ నమోదుల విషయంలో ఇదే బుద్ధి ఆలస్యంగా వచ్చింది. నోడ్ ఆఫ్‌లైన్ కాగానే వాటిని విడుదల చేసే కోడ్ చాలా ఏళ్లు ఉంది. 2021లో వచ్చిన 5.12లో దాన్ని తీసేశారు. ఆ విడుదలను క్షేమంగా చేయడానికి కావలసిన తాళాల ఖర్చు, మిగిలే కాస్త మెమరీ కంటే ఎక్కువని తేలింది.

ఈ ఉదాహరణలన్నీ ఒకే దిశలో కదిలాయి. చోటు తినే రికార్డును ఉంచుకోవడానికి కెర్నల్ క్రమంగా అలవాటుపడింది. అబద్ధం చెప్పే రికార్డు విషయంలో మాత్రం పట్టు పెరుగుతూ వచ్చింది. పాడైన పేజీల లెక్క చూడండి. మెమరీలో దిద్దలేని లోపం కనిపిస్తే కెర్నల్ ఆ పేజీ నమోదు మీద 'విషపూరితం' అన్న గుర్తు వేసి, ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడుతుంది. మొత్తం ఎంత మెమరీ అలా పోయిందో ప్రోక్ డైరెక్టరీలోని మెమ్‌ఇన్ఫో ఫైలులో చూపుతుంది. ఇప్పుడు ఆ పాడైన మెమరీ కార్డునే తీసేశారు. గుర్తు ఉన్న స్ట్రక్ట్ పేజ్ మెమ్‌మ్యాప్‌తో పాటే పోతుంది, మొత్తం లెక్క మాత్రం వేరేచోట ఉంది. దాన్ని తగ్గించకపోతే, బాగున్న కొత్త కార్డు పెట్టాక కూడా యంత్రం తనలో పాడైన మెమరీ ఉందని చెబుతూనే ఉంటుంది. ఆ అంకెను చూసి నిర్ణయాలు తీసుకునే నిర్వాహకుడు బాగున్న యంత్రాన్ని పక్కన పెట్టవచ్చు. చాలాకాలం కెర్నల్ తీసివేత సమయంలో మెమ్‌మ్యాప్‌లోని నమోదులన్నింటినీ ఒక్కొక్కటిగా వెతికి గుర్తులను లెక్కించేది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2లో ఒక్కో మెమరీ బ్లాకు తనలో ఎన్ని పాడైన పేజీలున్నాయో తానే లెక్క ఉంచుకోవడం మొదలైంది. బ్లాకు పోయేటప్పుడు ఆ అంకెను మొత్తంలోంచి తీసేస్తే చాలు.

క్రాష్ డంప్ విషయం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అక్కడి అబద్ధం యంత్రం కూలిన తర్వాతే బయటపడుతుంది. కెర్నల్ కూలితే పక్కన సిద్ధంగా ఉన్న చిన్న కెర్నల్ లేచి, పాత మెమరీని భద్రపరుస్తుంది. ఏ చిరునామాల్లో మెమరీ ఉందో దానికి ముందుగానే రాసిపెట్టిన శీర్షిక చెబుతుంది. మెమరీ తీసేశాక ఆ శీర్షికను మార్చకపోతే, డంప్ లేని చిరునామాలను చదవబోతుంది. ఏళ్ల తరబడి ఈ పని కెర్నల్ బయట, పరికరాల మార్పులకు స్పందించే యూడెవ్ నియమాల ద్వారా జరిగేది. ఒక్కో బ్లాకు మారినప్పుడల్లా మొత్తం ఏర్పాటును మళ్లీ లోడ్ చేసేవారు. వందల బ్లాకులు ఒకేసారి మారే యంత్రంలో ఆ తాపీ పద్ధతి నడుస్తున్నంతసేపూ శీర్షిక తప్పుగానే ఉంటుంది. ఎక్స్86లో శీర్షికను కెర్నల్ తానే అప్పటికప్పుడు సవరించే వీలు 2023లో, 6.6తో వచ్చింది.

ఏది చెరపాలన్నది తేలినా ఎప్పుడు చెరపాలన్నది మిగులుతుంది. 2024 తొలినాళ్లలో సరిదిద్దిన ఒక లోపం దీన్ని బాగా చూపుతుంది. ప్రతి సెక్షన్‌కూ ఒక చిన్న వాడుక నమోదు ఉంటుంది. అందులో ఏ ఉపసెక్షన్లు నిజంగా ఉన్నాయో చెప్పే 64 బిట్లు ఉంటాయి. 128ని 2తో భాగిస్తే వచ్చే 64 అదే. ఒక పేజీ సంఖ్య చెల్లుతుందా లేదా అని తెలుసుకోవడానికి కెర్నల్‌లో ఎన్నో భాగాలు ఈ బిట్లను చదువుతాయి, తాళం లేకుండానే. లోపం బయటపడిన యంత్రంలో రెండు మామూలు మెమరీ ప్రాంతాల నడుమ పరికరానికి చెందిన మెమరీ ఇరుక్కుని ఉంది. జోన్ ఆరంభం నుంచి చివరిదాకా నడుస్తూ పేజీలను సర్దే కంపాక్షన్ పని ఆ మధ్య భాగం మీదుగా వెళ్తుంది. సరిగ్గా అప్పుడే మరో సీపీయూ ఆ పరికర మెమరీని తీసేస్తూ వాడుక నమోదును విడుదల చేసింది. చదివేవాడి కాలికింద నేల పోయింది, కెర్నల్ కూలింది.

దిద్దుబాటు రెండు మెట్లు. ముందు సెక్షన్‌కు మెమ్‌మ్యాప్ ఉందని చెప్పే గుర్తును చెరుపుతారు, దానితో కొత్తగా వచ్చేవారు లోపలికి అడుగు పెట్టరు. ఆ తర్వాత ఆర్‌సీయూ పద్ధతిలో, అప్పటికే చదువుతున్నవారంతా బయటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు గాని నమోదు చోటును విడుదల చేయరు. వినడానికి తేలికే. కాని ఈ వరుస పాటించని చోటు ఒక్కటి ఉన్నా చాలు, ఏళ్లపాటు ఎవరికీ పట్టుబడకుండా, అరుదైన ఒక యంత్రంలో ఒక అరుదైన క్షణంలో అది బయటపడుతుంది. హాట్ రిమూవ్ లోపాలను పరీక్షలతో పట్టుకోవడం కష్టం కావడానికి కారణం ఇదే.

రికార్డును వెళ్లిపోయే మెమరీలోనే ఉంచితే ఈ బాధల్లో కొన్ని తప్పుతాయి కదా అన్న ఆలోచన చాలాకాలంగా ఉంది. 2021 జూన్‌లో వచ్చిన 5.13లో సూసే ఇంజనీరు ఆస్కర్ సాల్వడార్ పని ద్వారా అది సాధ్యమైంది. కొత్తగా చేర్చిన 128 ఎంబీ బ్లాకులో మొదటి 2 ఎంబీని దాని మెమ్‌మ్యాప్‌కే కేటాయిస్తారు, వాడుకకు 126 ఎంబీ మిగులుతుంది. దీనివల్ల మెమరీ అడుగంటిన యంత్రానికి మెమరీ చేర్చడానికి కూడా మెమరీ కావాలన్న విచిత్రం తప్పుతుంది. తీసేటప్పుడు మెమ్‌మ్యాప్ బ్లాకుతోపాటే పోతుంది. అయితే ఇదీ ఉచితం కాదు. ఆ 2 ఎంబీ ఆఫ్‌లైన్ దశలో తరలిపోదు, చివరి క్షణం దాకా ఉండాలి. దాని నమోదులను చదివే అవసరం ఉన్న ప్రతి పనీ దాన్ని తీయకముందే ముగియాలి.

ఇదంతా పెద్ద సర్వర్ గదుల్లోనే చూడగలమని నల్లగొండ, పాలమూరు ప్రాంతపు ఇంజనీరింగ్ విద్యార్థులు అనుకోనక్కరలేదు. 8 జీబీ మెమరీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. వర్చువల్ యంత్రాలను నడిపే క్యూఈఎంయూలో 2 జీబీ మెమరీతో, గరిష్ఠ పరిమితి 8 జీబీగా, ఖాళీ స్లాట్లు ఉంచి ఒక లినక్స్ వర్చువల్ యంత్రాన్ని నడపాలి. నడుస్తుండగా దానికి 1 జీబీ డిమ్‌ను చేర్చాలి. అది 4 జీబీ చిరునామా దగ్గర వచ్చి చేరుతుంది. 4 జీబీని 128 ఎంబీతో భాగిస్తే 32 కాబట్టి, సిస్‌ఎఫ్‌ఎస్‌లో మెమరీ 32 నుంచి మెమరీ 39 దాకా ఎనిమిది డైరెక్టరీలు కొత్తగా కనిపిస్తాయి. బ్లాకులు ఆన్‌లైన్ అయ్యాక మెమ్‌ఇన్ఫోలో మొత్తం మెమరీ అంకె 10,48,576 కేబీ పెరుగుతుంది. ఐఓమెమ్ జాబితాను, ఫర్మ్‌వేర్ పటాన్ని అప్పుడొకసారి చూసి దాచుకుని, డిమ్‌ను తీసేసి మళ్లీ చూడాలి. ఏ వరుస ఎప్పుడు మాయమైందో పోల్చి చూస్తే ఈ వ్యాసంలో చెప్పిన రికార్డుల్లో సగం కళ్లముందే కనిపిస్తాయి.

బ్లాకులను మూవబుల్ జోన్‌లో కాకుండా మామూలు జోన్‌లో ఆన్‌లైన్ చేసి, కాసేపు ఫైళ్లు కాపీ చేస్తూ కెర్నల్‌ను పనిలో పెట్టి, అప్పుడు తీయడానికి ప్రయత్నిస్తే తీసివేత చాలాసార్లు విఫలమవుతుంది. ఆ వైఫల్యమూ చూడదగినదే. ఏదో ఒక బ్లాకు కదలనంటే, అప్పటికే ఆఫ్‌లైన్ అయిన బ్లాకులను కెర్నల్ తిరిగి ఆన్‌లైన్‌లోకి తెస్తుంది. ఒక్క రికార్డు కూడా చెరగకముందే అంతా యథాస్థితికి వస్తుంది. రెండు దశలను విడదీయడం వెనక ఉన్న వివేకం అక్కడ అర్థమవుతుంది.

అసలు పరీక్ష ఆ తర్వాతిది. చేర్చడం, తీయడం ఒక చిన్న స్క్రిప్టుతో వందసార్లు తిప్పి, ప్రతి తిప్పుకూ మెమ్‌ఇన్ఫోలోని స్లాబ్ అంకెను (కెర్నల్ చిన్న నమోదులు తీసుకున్న చోటును), ఖాళీ మెమరీని రాసుకోవాలి. మొదటి ఒకటి రెండు తిప్పుల్లో కొంత పెరిగి ఆగిపోతే, అది తిరిగి వాడుకోవడానికి కెర్నల్ కావాలని ఉంచుకున్నది. ప్రతి తిప్పుకూ సమానంగా పెరుగుతూ పోతే ఎక్కడో చెరపవలసిన నమోదును ఎవరో చెరపడం మరిచారు. ఆ తేడా ఒక తిప్పుతో తెలియదు, పదితో అనుమానం వస్తుంది, వందతో ఖాయమవుతుంది. ఏ కెర్నల్ కూర్పు మీద, ఏ అమరికతో చేశారో, ఒక్కో తిప్పుకు ఎన్ని బైట్లు పెరిగాయో రాసి పంపితే, కెర్నల్ నిర్వాహకులు పేరూ ఊరూ అడగకుండా చదువుతారు.